దమ్ము ట్రాక్టరు ఇరుసు సీలు: మారిన భాగం, మారని కారణం

కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలకు నీరు వదిలి దమ్ములు మొదలైన కొద్ది రోజులకే ట్రాక్టరు మరమ్మతు షెడ్ల ముందు ఒకే తరహా దృశ్యం కనిపిస్తుంది. వెనుక చక్రం ఊడదీసి ఉంటుంది. ట్రంపెట్ హౌసింగు కింద కొయ్య దిమ్మెలు పెట్టి ఉంటాయి. పక్కన డబ్బాలో పాలు కలిపిన టీ రంగుకు తిరిగిన గేరు ఆయిలు ఉంటుంది. ఇరుసు ఆయిల్ సీలు పోయిందన్నది అక్కడ వినిపించే నిర్ధారణ. కొన్ని వందల రూపాయల సీలు, ఒక పూట పని, ఆపై ట్రాక్టరు మళ్లీ పొలంలోకి వెళుతుంది. మరుసటి సార్వాలోనో, ఒక్కొక్కప్పుడు అదే సార్వాలోనో అదే చక్రం దగ్గర మళ్లీ ఆయిలు కారుతుంది. వేసిన సీలు డూప్లికేట్ అనుకొని మరొకటి వేస్తారు. డూప్లికేట్ సీళ్లు అంగళ్లలో లేవని అనలేము. అయితే ఈ పునరావృతికి ప్రధాన కారణం సీలు నాణ్యత కాదని, అది ఎందుకు విఫలమైందో విచారించకుండానే కొత్తది వేయడమని నా అభిప్రాయం. ఆ విచారణ మెకానిక్ పరిధిలోనిదే తప్ప విస్తరణ శాస్త్రానికి సంబంధించినది కాదన్న భావన వల్ల నష్టం కొనసాగుతోంది.

ఇంత చిన్న రబ్బరు వలయానికి పరిశోధన పత్రికలో చోటెందుకని కొందరు అనుకోవచ్చు. బాపట్ల, చీరాల ప్రాంతాలు కొమ్మమూరు కాలువకు చివరి ఆయకట్టు. ఎగువ గ్రామాలకు నీరు అందిన తరువాతే ఇక్కడికి చేరుతుంది. చేరిన నీటితో తక్కువ రోజులలో దమ్ములు ముగించవలసి ఉంటుంది. ఆ రోజులలో ఒక ట్రాక్టరు రెండు రోజులు షెడ్డులో ఆగిపోతే నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు. ఆ బండి కోసం ఎదురుచూసే పొలాలన్నింటిలో నారు ముదురుతుంది. ముదిరిన నారు నాటితే పిలకలు తగ్గుతాయని ప్రతి శిక్షణ తరగతిలో రైతుకు చెబుతున్నాము. నాటు ఆలస్యమయ్యే కారణాలలో ఒకటి ఇరుసు దగ్గర ఉందని మాత్రం చెప్పడం లేదు.

ఈపురుపాలెం పరిసరాలు ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి అనువైనవి. 216వ జాతీయ రహదారి మీద చీరాలకు ఆనుకొని ఉన్న ఈ గ్రామానికి ఒకవైపు సముద్రతీరపు ఇసుక నేలలు, దొరువుల కింద సాగయ్యే వేరుశనగ, కూరగాయలు. మరోవైపు, బాపట్ల దిశగా లోపలికి పోయేకొద్దీ కాలువ కింద వరి పండే బరువైన నల్లరేగళ్లు. మురుగునీటిని సముద్రానికి చేర్చే ఈపురుపాలెం స్ట్రెయిట్ కట్ చుట్టుపక్కల నీటిలో ఉప్పు పాలు ఉంటుంది. ఇటువంటి చోట ఒకే ట్రాక్టరు ఒక వారం ఇసుకలో, మరో వారం నల్ల బురదలో, మధ్యలో ట్రక్కుతో రహదారి మీద తిరుగుతుంది. కంపెనీ నిర్వహణ పుస్తకంలో సేవా విరామాలను ఇంత మిశ్రమమైన పనిని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించినట్లు తోచదు.

ముందుగా సీలు పనితీరు చూద్దాము. (దీనిని తైలముద్ర అని అనువదించి పాఠంలో రాసినా, షెడ్డుకు పోయి ఆ పేరుతో అడిగితే ఎవరూ తెచ్చి ఇవ్వరు, కాబట్టి ఆయిల్ సీలు అనే వ్యవహరిస్తాను.) లోహపు వలయానికి అతికించిన నైట్రైల్ రబ్బరు పెదవి షాఫ్టును తాకుతూ ఉంటుంది. పెదవి వెనుక సన్నని చుట్టు స్ప్రింగు దానిని సమంగా అదిమి పట్టి ఉంచుతుంది. అయితే పెదవి షాఫ్టును పొడిగా ఒరుసుకోదు. రెండింటి మధ్య సుమారు ఒక మైక్రాను మందం గల ఆయిలు పొర నిలుస్తుంది. షాఫ్టు తిరుగుతున్నప్పుడు పెదవి కింది అతి సూక్ష్మమైన గరుకుదనమే ఆ ఆయిలును లోపలి వైపుకు నెడుతుంది. అందుకే పెదవి తాకే చోట షాఫ్టు ఉపరితలం అద్దంలా మరీ నున్నగా ఉండకూడదు, గరుకుగానూ ఉండకూడదు; 0.2 నుంచి 0.8 మైక్రాన్ల గరుకుదనం తగినది. బురద తగిలే ఇరుసులకు వాడే సీళ్లలో బయటి వైపు మరొక పెదవి ఉంటుంది. అది దుమ్మును, బురదను ఆపడానికి. ప్రధాన పెదవిని కాపాడేది ఈ బయటి పెదవే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. దమ్ములో ట్రాక్టరు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచిందనుకుందాము. 1.4 మీటర్ల వ్యాసం గల వెనుక చక్రం నిమిషానికి 19 చుట్లు తిరుగుతుంది. జారుడు కలుపుకొని 25 అనుకోవచ్చు. సీలు కూర్చునే చోట ఇరుసు వ్యాసం 70 మిల్లీమీటర్లు అయితే, పది గంటల పనిలో పెదవి షాఫ్టుపై ప్రయాణించే దూరం మూడు, మూడున్నర కిలోమీటర్లు మాత్రమే. ఇంజను క్రాంక్ షాఫ్టు సీలు ఇంత దూరాన్ని కొద్ది నిమిషాలలో దాటుతుంది, అది కూడా ఎంతో ఎక్కువ వేడిలో. అయినా అది వేల గంటలు నిలుస్తుంది, ఇరుసు సీలు ఒక సార్వాకు మించి నిలవదు. అంటే ఇరుసు సీలును చంపేది వేగమూ కాదు, అరుగుదలా కాదు. బయటి నుంచి వచ్చే బురద, లోపలి నుంచి వచ్చే ఒత్తిడి, ఇరుసులోని వదులు, ఈ మూడింటిలో ఒకటి తప్పక ఉంటుంది. ఈ మూడింటిలో ఏదీ కొత్త సీలుతో పోదు.

బురద సంగతి తెలిసినదే అయినా రెండు విషయాలు చెప్పవలసి ఉంది. తీరపు ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ మానంలో 7. బయటి పెదవి దాటి లోపలికి వచ్చిన ఇసుక రేణువు మెత్తని రబ్బరులో గుచ్చుకొని అక్కడే నిలిచి, తిరిగే ఉక్కును ఆకురాయిలా రాస్తుంది. రబ్బరు ఉక్కును ఎలా అరగదీస్తుందని విద్యార్థులు అడుగుతుంటారు. అరగదీసేది రబ్బరు కాదు, రబ్బరు పట్టుకొని ఉన్న ఇసుక. రెండవది, ఇరుసుకు చుట్టుకునే పీచు. వరి దుబ్బులు, తుంగ, గట్ల మీద పడి ఉన్న నైలాన్ తాళ్లు, తీరప్రాంతంలో చిరిగిన వలల దారాలు ఇరుసుకు చుట్టుకొని చక్రం తిరిగినకొద్దీ బిగుసుకుంటూ సీలు ముఖం మీదికి జరుగుతాయి. నైలాన్ దారం బయటి పెదవిని కోసివేయగలదు. దమ్ము ముగిసిన సాయంత్రం చక్రం లోపలి వైపు చేయి పెట్టి దారాలు తీసివేయడానికి పది నిమిషాలు చాలు. దీనికి ఏ పనిముట్టూ అక్కరలేదు, అయినా మన కరపత్రాలలో దీని ఊసు అరుదు.

అందరికంటె తక్కువగా అనుమానించబడేది ఒత్తిడి. ప్రసార భాగానికి గాలి తీసుకొని వదిలే చిన్న రంధ్రం ఉంటుంది; దానినే బ్రీతరు అంటారు. అది బురదతోనో, తుప్పుతోనో, కొన్ని బండ్లకు వేసిన రంగుతోనో మూసుకుపోతుంది. ఉదయం 30 డిగ్రీల వద్ద ఉన్న గేరుపెట్టె రహదారి మీద పొలం చేరేసరికి 80 డిగ్రీలకు వేడెక్కితే, మూసిన పెట్టెలోని గాలి పీడనం సుమారు ఆరవ వంతు పెరుగుతుంది. సాధారణ పెదవి సీలు దాదాపు ఒత్తిడి తేడా లేని చోటుకే తయారైనది. పీడనం పెరిగినప్పుడు పెదవి షాఫ్టును గట్టిగా నొక్కి, ఆయిలు పొరను పిండివేసి, వేడెక్కి గట్టిపడుతుంది. లేదా సందు చేసుకొని ఆయిలును బయటకు వదులుతుంది. ఇది సగం కథ మాత్రమే. వేడెక్కిన అదే బండి వెంటనే కాలువ నీరు నిండిన మడిలోకి దిగితే ఇరుసు గొట్టాలు ఒక్కసారిగా చల్లబడతాయి. లోపలి గాలి కుదించుకుపోతుంది. బ్రీతరు తెరిచి ఉంటే బయటి గాలి దాని గుండా వచ్చేది. మూసుకుపోతే ఇరుసు సీలు దగ్గర ఉన్న బురద నీటినే లోపలికి పీల్చుకుంటుంది. ఆయిలు టీ రంగుకు తిరగడానికి ఇది ముఖ్యమైన మార్గం. కారే ఆయిలు కంటికి కనిపిస్తుంది, లోపలికి పోయే నీరు కనిపించదు. పది సెకన్లకు ఒక చుక్క కారితే, చుక్క 0.05 మిల్లీలీటర్లు అనుకున్నా రోజుకు పది గంటల పనిలో 180 మిల్లీలీటర్లు, నెలకు 5 లీటర్ల పైచిలుకు. అది డబ్బు నష్టం. లోపలికి చేరిన లీటరు నీరు మాత్రం బేరింగులను, గేరు పళ్లను, అదే ఆయిలులో మునిగి పనిచేసే బ్రేకులను దెబ్బతీస్తుంది.

వదులు విషయానికి వస్తే దమ్ము చక్రాలను చూడాలి. టైరు బయటి వైపు బిగించే సగం చక్రాల వల్ల భారం పడే చోటు బేరింగు నుంచి బయటకు జరుగుతుంది. బేరింగుకు 30 సెంటీమీటర్ల దూరంలో పడే బరువు 60 సెంటీమీటర్ల దూరానికి జరిగితే ఇరుసును వంచే ప్రభావం రెండింతలు అవుతుంది. మడిలో బురద ఆ బరువును కొంత పంచుకుంటుంది. గట్టు దాటేటప్పుడు ఒక చక్రమే మొత్తం మోయవలసి వస్తుంది. బేరింగు అరిగి ఇరుసు కొద్దిగా ఊగడం మొదలైతే, ఒకవైపు పెదవి నలిగిపోతుంది, ఎదురు వైపు సందు ఏర్పడుతుంది. స్ప్రింగు ఆ ఊగుడును కొంతవరకే అనుసరించగలదు. ఈ స్థితిలో ఎంత ఖరీదైన అసలు సీలు వేసినా ఫలితం ఉండదు. చక్రం జాకీ మీద లేపి పైన ఒక చేయి, కింద ఒక చేయి పెట్టి ఊపి చూస్తే ఈ వదులు చాలావరకు తెలిసిపోతుంది. ఇంకా ఖచ్చితత్వం కావాలంటే డయల్ గేజి ఉంది.

ఇదే తర్కం మరో యంత్రంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నిర్మాణ స్థలాలలో మట్టి ఎత్తడానికి వాడే స్కిడ్ స్టీర్ లోడరు నేడు చాలామందికి పరిచితమే. దాని పుట్టుక వ్యవసాయంలోనిదని తెలిసినవారు తక్కువ. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం రోత్సే పట్టణంలో సిరిల్ కెల్లర్, లూయీ కెల్లర్ అనే సోదరులు ఒక టర్కీ కోళ్ల పెంపకందారు షెడ్డు శుభ్రం చేయడానికి 1957లో మూడు చక్రాల లోడరును తయారుచేశారు. మెల్రో కంపెనీ 1960లో దానిని ఎమ్-400 పేరుతో నాలుగు చక్రాల యంత్రంగా మార్చింది. దాని చక్రాలు పక్కకు తిరగవు. ఒకవైపు చక్రాల వేగం తగ్గించి, నేల మీద ఈడ్చుకుంటూ మలుపు తీసుకుంటుంది. అందువల్ల ప్రతి మలుపులోనూ ఇరుసుపై పక్కవాటు ఒత్తిడి పడుతుంది. అనేక నమూనాలలో ఇరుసులు తిరిగేది ఆయిలు నింపిన గొలుసు పెట్టెలో; ఆ ఆయిలును బయటకు పోకుండా ఆపేది ఇరుసు సీలే. ఆ యంత్రాన్ని బాగుచేసేటప్పుడు సీలుతో పాటు బేరింగు బిగుతును, షాఫ్టు మీది గాడిని చూడకుండా పని ముగించరాదన్నది ప్రాథమిక నియమం. పేడ, తడి, పక్కవాటు ఒత్తిడి ఉన్న కోళ్ల షెడ్డులో ఆ యంత్రం ఎదుర్కొన్నదాన్నే మన దమ్ము ట్రాక్టరు నల్లరేగడిలో ఎదుర్కొంటోంది. నియమం మాత్రం ఇంకా మన శిక్షణలోకి రాలేదు.

సీలు మార్చడంలో జాగ్రత్తలు మెకానిక్కులకు చాలావరకు తెలుసు, తొందరలో విడిచిపెడతారు. వేలిగోరుతో షాఫ్టును తడిమితే గోరు చిక్కుకునేంత గాడి ఉన్నప్పుడు కొత్త పెదవి అదే గాడిలో కూర్చోకూడదు. చోటు ఉంటే సీలును రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికో బయటకో జరపాలి. లేదా షాఫ్టు మీద పలుచని ఉక్కు తొడుగు వేయాలి. సుమారు 0.28 మిల్లీమీటర్ల మందం గల తొడుగులు దొరుకుతాయి, వాటికి సీలు కొలత మార్చవలసిన పని లేదు. లేతు మీద షాఫ్టును నున్నగా తీసి పంపడం మన షెడ్లలో ఉన్న మరొక పద్ధతి. అందులో వ్యాసం తగ్గుతుంది, పెదవి పట్టు సడలుతుంది, పైగా లేతు పనిముట్టు వదిలే మరచుట్టు వంటి గీతలు ఆయిలును బయటకు తోడే ప్రమాదం ఉంది. అది పొదుపుగా కనిపించినా నేను సిఫారసు చేయను. రెండు పెదవుల మధ్య గ్రీజు నింపకుండా పొడిగా బిగించడం, స్క్రూడ్రైవరు మీద సుత్తితో ఒక అంచున కొట్టి కూర్చోబెట్టడం, కీవే అంచు మీదుగా పెదవిని లాగడం, ఈ మూడూ కొత్త సీలును మొదటి గంటలోనే పాడుచేయగలవు. తగిన వ్యాసం గల గొట్టం ముక్క ఒకటి షెడ్డులో ఉంటే వీటిలో ఒక దోషం శాశ్వతంగా తొలగుతుంది.

ఇవన్నీ మెకానిక్ పని, శాస్త్రవేత్త పని కాదన్న అభ్యంతరాన్ని తేలికగా తీసివేయలేము. షెడ్డులో చేతికి మసి అంటకుండా మాట్లాడేవారి సలహాకు విలువ తక్కువ. అయితే షెడ్డులో కూర్చున్న వ్యక్తికి తన ముందున్న ఒక బండి మాత్రమే కనిపిస్తుంది. యాభై బండ్లలో ఎన్నింటికి బ్రీతరు మూసుకుపోయింది, ఎన్నింటికి బేరింగు వదులైంది, ఇసుక నేలలో తిరిగే బండ్లలో షాఫ్టు గాడి ఎంత లోతు, నల్లరేగడి బండ్లలో ఎంత, సగం దమ్ము చక్రాలు వాడినవారికీ పూర్తి చక్రాలు వాడినవారికీ తేడా ఉందా అన్న ప్రశ్నలకు జవాబు ఒక షెడ్డులో దొరకదు. నమోదు, కొలత, పోలిక కావాలి. అవి మన పని. ఎరువు మోతాదుకు, విత్తన రకానికి పాటించే క్రమశిక్షణ ఇరుసుకు ఎందుకు వర్తించకూడదు?

మరొక విషయం. ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర సంస్థలు బుద్నిలోనూ, మన రాష్ట్రంలోనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ఉన్నాయి. వాటి పరీక్షలలో దమ్ము పని ఒక భాగం. ట్రాక్టరును నిర్ణీత గంటలు బురదలో నడిపి, ఆ తరువాత భాగాలు విప్పి, ఏ భాగంలోకి నీరు లేదా బురద చేరిందో నివేదికలో పట్టికగా నమోదు చేస్తారు. వరి ప్రాంతపు రైతుకు ఆ నివేదిక మొత్తంలో అశ్వశక్తి తరువాత అంత ఉపయోగపడే పుట మరొకటి లేదు. కానీ నివేదికలు ఇంగ్లీషులో ఉంటాయి, కొనుగోలు సమయంలో రైతు వాటిని చూడడు, సలహా ఇచ్చేవారు కూడా అశ్వశక్తి, ధర, రాయితీ దగ్గరే ఆగుతారు. 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం మొదలైనప్పటి నుంచి అద్దె యంత్ర కేంద్రాలకు, రైతు బృందాలకు పెద్ద సంఖ్యలో యంత్రాలు చేరాయి. పట్టణాలకే పరిమితమైన సమాచారాన్ని గ్రామానికి చేర్చడానికి నేటి రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. డెల్టాలో అమ్ముడయ్యే పది పన్నెండు నమూనాల సీలింగు పట్టికలను తెలుగులో ఒక్క పుటగా ఆ కేంద్రాల గోడ మీద అంటించడం విశ్వవిద్యాలయానికి పెద్ద ఖర్చు కాదు. కంపెనీలకు అది నచ్చకపోవచ్చు. పరీక్ష ఫలితం ప్రజాధనంతో వచ్చినదే కాబట్టి సంకోచించనక్కరలేదు.

బృందం పేరుతో ఉన్న యంత్రాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సొంత బండి అయితే యజమాని సాయంత్రం చక్రం కింద తడి చూస్తాడు. అయిదుగురి బండిని ఆరవ వ్యక్తి నడుపుతుంటే ఆ తడిని చూసే కన్ను ఉండదు. రాయితీ మంజూరు పత్రంతో పాటు ఒక గంటల పుస్తకం ఇచ్చి, ఆయిలు రంగు, మట్టం, బ్రీతరు స్థితి, చక్రం ఊగుడు నెలకొకసారి రాయాలన్న నిబంధన పెట్టడంలో కష్టం లేదు. ఆ పుస్తకాలే కొన్నేళ్లకు పరిశోధనకు ముడిసరుకు అవుతాయి.

విద్యార్థుల విషయంలో బాపట్లకు ఒక అనుకూలత ఉంది. 1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల, 1983లో ఏర్పడిన వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఒకే పట్టణంలో ఉన్నాయి. గ్రామీణ అనుభవ కార్యక్రమంలో వ్యవసాయ విద్యార్థి పొలానికి, ఇంజనీరింగు విద్యార్థి పరిశ్రమకు విడివిడిగా పోతున్నారు. ఇద్దరినీ జంటగా ఈపురుపాలెం, చీరాల, బాపట్ల షెడ్లకు ఒక పక్షం రోజులు పంపితే, ఒకరు నేలను, నీటి ఉప్పుదనాన్ని, దమ్ము రోజులను రాస్తారు, మరొకరు షాఫ్టు గాడిని, బేరింగు వదులును కొలుస్తారు. పాత సీలును పారవేయనివ్వకుండా అడిగి తీసుకోవాలి. పెదవి గట్టిపడి పగిలిందా, ఒక పక్కే అరిగిందా, కోత పడిందా, స్ప్రింగు జారిందా అన్నది చూస్తే కారణం సగం తెలుస్తుంది. అటువంటి వంద సీళ్లు చీటీలతో సహా కళాశాలలో ఒక అలమారాలో చేరితే ఏ పాఠ్యపుస్తకం కంటే మేలైన పాఠం అవుతుంది.

చివరగా కాలం సంగతి. ఈ పరిశీలన దమ్ము మొదలైన తరువాత చేస్తే ప్రయోజనం తక్కువ. అప్పుడు షెడ్డులో చోటు దొరకదు, మెకానిక్కు తీరిక ఉండదు, బ్రీతరు గురించి వినే ఓపిక యజమానికి ఉండదు. మే నెల రెండవ పక్షం అనుకూలం. రెండవ పంట మినుము ఒబ్బిడి అయిపోయి ఉంటుంది, వేసవి దుక్కుల మధ్య బండికి విరామం ఉంటుంది. గ్రామంలో ఒక నీడ పట్టున జాకీ, డయల్ గేజి, తీగముక్క, శుభ్రమైన గుడ్డ, ఆయిలు నమూనాకు గాజు సీసా పెట్టుకొని కూర్చుంటే ఒక్కో బండికి అరగంట చాలు. సీసాలోని ఆయిలు రాత్రంతా కదలకుండా ఉంచితే, దానిలో కలిసిపోకుండా మిగిలిన నీరు తెల్లవారేసరికి అడుగున చేరుతుంది. పైన ఆయిలు పాలరంగులోనే నిలిచిపోతే నీరు దానిలో కలిసిపోయిందని అర్థం. యజమానికి ఆ సీసా చూపించిన తరువాత బ్రీతరు శుభ్రం చేయమని వేరుగా చెప్పవలసిన అవసరం రాదు.